పెరటిలో పారిజాతం

నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదని పెద్దల మాట. ఆ నియమానికి మినహాయింపు పొందిన పుష్పం పారిజాతం. సాయంసంధ్య వేళ విచ్చి, రాత్రంతా పరిమళించి, తెల్లవారేసరికి తనంతట తానే నేలను చేరుతుంది. కొమ్మ నుంచి తుంచకుండా, రాలిన పూలనే ఏరి స్వామికి సమర్పించడం మన ఆచారం.

నారదుడు తెచ్చిన పారిజాత సుమాన్ని శ్రీకృష్ణుడు రుక్మిణీదేవికి ఇవ్వగా సత్యభామ అలిగింది. ఆమె కోసం స్వామి స్వర్గం నుంచి ఆ వృక్షాన్నే తెచ్చాడు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన ఈ కథనే ‘పారిజాతాపహరణము’ అనే కావ్యంగా రచించాడు. 2020 ఆగస్టు 5న అయోధ్యలో రామమందిర భూమిపూజకు ముందు ప్రధాని నరేంద్ర మోదీ నాటినది కూడా పారిజాతం మొక్కే.

గోదావరి సీమ వాసులు ఈ మొక్క కోసం దూరం వెళ్లనక్కరలేదు. రాజమహేంద్రవరం చేరువలోని కడియం, కడియపులంక నర్సరీలు పూలమొక్కలకు పుట్టినిళ్లు. ఆషాఢ, శ్రావణ మాసాలు నాటడానికి అనువైనవి. పారిజాతానికి ఎండ కావాలి, వేరు దగ్గర నీరు నిలవకూడదు. డెల్టా పల్లపు నేలల్లో వానాకాలం నీరు ఊరుతుంది కనుక మట్టిని అడుగెత్తు తిన్నెగా పోసి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. స్నానాల గది నీరు, అంట్లు తోమిన నీరు పాదులోకి పారనీయరాదు. అది శుచికీ భంగమే, వేరుకూ హానియే.

అసలు పరీక్ష శిశిరంలో వస్తుంది. ఆకులన్నీ రాలి కొమ్మలు మోడువారతాయి. మొక్క చచ్చిందనుకొని పెరికివేసిన ఇళ్లు ఎన్నో! తొందరపడరాదు. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చదనం ఉంటే ప్రాణమున్నట్లే. ఆ రోజుల్లో నీరు తగ్గించి, పూత ముగిసిన కొమ్మలను మూడోవంతు కత్తిరిస్తే మొక్క గుబురుగా, చిన్న పెరటికి తగినట్లుగా ఒదిగి ఉంటుంది. కొత్త చిగుళ్ల కొసలనే తిరిగి పూత వస్తుంది.

పూసే కాలంలో రాత్రి పడుకునే ముందు చెట్టు కింద ఉతికిన వస్త్రం పరచండి. కార్తికమాసపు తెల్లవారుజామున గోదావరీ స్నానం ముగించి వచ్చేసరికి పగడపు కాడల తెల్లని పూలు స్వామి కోసం సిద్ధంగా ఉంటాయి.

చెట్టు సత్యభామ పెరట నిలిచినా పూలు రుక్మిణి వాకిట రాలాయని జనశ్రుతి. ప్రహరీ దాటి పొరుగింట రాలిన పూలను గురించి చింతించకండి. అవి వారి దేవుని పాలు.