తుపాను వేళల్లో గృహ విద్యుత్ ఏర్పాట్లు: లైన్‌మన్ ప్రాణం మరువరాదు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు విద్యుత్ స్తంభాలు నేలకొరిగి నగరంలోని అనేక ప్రాంతాలు రోజుల తరబడి అంధకారంలో ఉండిపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెలకు అదే అనుభవం మిగిల్చింది. ఇటువంటి సమయాలకై ఇన్వర్టరో, జనరేటరో సమకూర్చుకునే గృహస్థులు వాటి ధర విచారించినంతగా అమరిక తీరును విచారించడం లేదు.

ఇన్వర్టరు విషయంలో ముందుగా లెక్క తెలియాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిల్వ ఉండేది 1800 వాట్ అవర్లు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు మూడు కలిపి 177 వాట్లు. కాగితంపై ఇది పది గంటలు. ఇన్వర్టరులో కలిగే నష్టం, బ్యాటరీని పూర్తిగా ఖాళీ కానీయరాదన్న నియమం పరిగణిస్తే ఆరేడు గంటలకు మించి ఆశించరాదు. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు వాడితే ఈ వ్యవధి దాదాపు రెట్టింపవుతుంది. నీటి మోటారును ఈ లెక్కలో చేర్చరాదు. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపుకొనడమే మేలు.

అసలు ప్రమాదం జనరేటరుతో వస్తుంది. కొందరు దానిని తీగతో నేరుగా ఇంటి ప్లగ్గు సాకెట్టుకు కలుపుతారు. మెయిన్ స్విచ్ ఆపడం మరచితే ఆ విద్యుత్తు సర్వీసు వైరు గుండా వీధిలోకి, అక్కడి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనుదిరిగి ప్రవహిస్తుంది. ఇళ్లకు వోల్టేజి తగ్గించి పంపే ఆ ట్రాన్స్‌ఫార్మరే ఇపుడు దానిని 11,000 వోల్టుల దాకా పెంచగలదు. సరఫరా నిలిపివేశామన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్‌కు అది మృత్యుపాశం. చేంజ్ ఓవర్ స్విచ్ అమర్చినట్లయితే ఇల్లు ఒక సమయంలో ఒక మూలానికే కలిసి ఉంటుంది. ఆ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. జనరేటరు పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉన్నందున దానిని వరండాలో సైతం నడుపరాదు.

ఇంటిపై సౌర ఫలకాలు ఉన్నవారికి ఒక అపోహ ఉన్నది. గ్రిడ్‌కు అనుసంధానమైన సాధారణ సౌర వ్యవస్థ, గ్రిడ్ సరఫరా ఆగిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. అది లోపం కాదు, లైన్‌మన్ రక్షణకై చేసిన ఏర్పాటు. కరెంటు లేని వేళ కూడా సౌర విద్యుత్తు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు అవసరం.

తెగిపడిన తీగలు కనిపించినపుడు సమీపించక 1912 నంబరుకు తెలియజేయాలి.