వంతు మారవలసింది అమ్మ కాదు, చూసేవారు



మన డెల్టా ఊళ్లలో తల్లిదండ్రులను కొడుకులు వంతులవారీగా ఉంచుకోవడం మామూలే. రెండు నెలలు గుడివాడలో పెద్దకొడుకు దగ్గర, రెండు నెలలు బెజవాడలో చిన్నకొడుకు దగ్గర. ఖర్చు అందరిమీదా సమానంగా పడుతుందని అలా చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఫరవాలేదు. కానీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్నవారికి ఈ పద్ధతి చాలా చెరుపు చేస్తుంది.

మా వార్డుకు వచ్చిన ఒక తల్లి సంగతి చెబుతాము. వంతు మారి చిన్నకొడుకు ఇంటికి వచ్చిన మూడవ రాత్రి, బాత్‌రూమ్ ఎటో తెలియక వెతుక్కుంటూ పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. అన్నదమ్ములు వంతులతో మిగుల్చుకున్నది ఆ ఆపరేషన్‌కే చాలలేదు. పక్కన నిలబడ్డ కోడలు కళ్లు తిరుగుతున్నాయంటే బి.పి. చూశాము. 180/110 ఉంది. అత్తగారి మందులకు డబ్బు సరిపోక తన బిళ్లలు మానేసిందట. ఆ రోజు మాకు ఒక మంచం మీద ఇద్దరు పేషెంట్లు.

ఈ జబ్బులో మెదడు కణాలు క్రమంగా దెబ్బతింటాయి. కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి కొంతకాలం నిలుస్తాయి. ఏళ్ల తరబడి తిరిగిన ఇల్లు గుర్తుంటుంది. కొత్త ఇల్లు మాత్రం ప్రతిరోజూ కొత్తదే. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా ఈ జబ్బు ఉంది. కాబట్టి ఇది ఒక్క మీ ఇంటికే వచ్చిన శాపం కాదు.

అందుకే మేము చెప్పేది: పెద్దవారిని ఒకే ఇంట ఉంచండి. వంతులు చూసేవారు వేసుకోండి.

1. ఒక నోటుపుస్తకం పెట్టండి. మందులు, డైపర్లు, ఆయా జీతం, ఆటో ఖర్చు రాయండి. చూడటం కోసం పని మానుకున్నవారి కూలి, జీతం కూడా రాయండి. అదీ ఖర్చే.

2. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవారు నెలనెలా ఒకే తేదీకి డబ్బు పంపాలి. ఏడాదికొకసారైనా వచ్చి పదిరోజులు తామే చూసుకోవాలి. ఆ పదిరోజులు వదినగారిని పుట్టింటికి వెళ్లి రానివ్వండి.

3. మరపు కనిపించగానే ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. వీటి లోపం వల్ల, మనసు కుంగడం వల్ల వచ్చిన మరపు వైద్యంతో తగ్గవచ్చు. డోనెపెజిల్ వంటి మందులు కొందరికి కొంతకాలం ఉపయోగపడతాయి, జబ్బును నయం చేయవు. ఇవి చవకగా దొరుకుతాయేమో జన ఔషధి దుకాణంలో అడగండి. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు పోయవద్దు.

4. గ్రహింపు ఉండగానే బ్యాంకు ఖాతా, నామినీ, వీలునామా చూసుకోండి. రాసిచ్చినవారికి మతి తప్పాక పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు.

5. జేబులో పేరు, ఫోన్ నంబరు ఉంచండి. బందరు కాలువ, ఏలూరు కాలువ గట్లమీద ఇళ్లున్నవారు వీధి తలుపుకు పైన గడియ పెట్టించండి. లోపల ఒంటరిగా మాత్రం ఉంచవద్దు.

ఇక మనసు సంగతి. అడిగిందే ఇరవైసార్లు అడుగుతారు. అన్నం తిని పెట్టలేదంటారు. నగలు తీశావంటారు. అలా అనిపించేది జబ్బు, అత్తగారు కాదు. వాదించకండి, మాట మార్చండి. ఒకరోజు విసుక్కున్నారని మిమ్మల్ని మీరు పాపులుగా ఎంచుకోవద్దు. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ టెలి మానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. పెద్దల సమస్యలకు 14567 ఉంది.

యోహాను సువార్త 19వ అధ్యాయము చూడండి. సిలువ మీద బాధపడుతూ కూడా ప్రభువు తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించారు. తల్లి భారం మరొకరితో పంచుకోవడం ప్రేమ తక్కువై కాదు. మీ సంఘంలో ఇలాంటి ఇల్లుంటే, ఈ ఆదివారం ఆరాధన తరువాత వెళ్లి ఒక గంట ఆ పెద్దవారి దగ్గర కూర్చోండి. ఆ గంట కోడలు నిద్రపోనివ్వండి.