గర్భసంచిలో అంగుళంపావు పరికరం

గర్భసంచిలో చిన్న వస్తువు ఏదైనా ఉంటే గర్భం నిలవదని వైద్యులు కనిపెట్టి చాలా కాలమైంది. జర్మనీలో గ్రాఫెన్‌బర్గ్ 1920లలోనే ఉంగరాలు వేసి చూశాడు. అమెరికా డాక్టరు జాక్ లిప్పెస్ తయారుచేసిన ప్లాస్టిక్ లూప్ 1965లో మన కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చింది. చిక్కల్లా రక్తస్రావంతోనే. తర్వాత వచ్చిన కాపర్-టీ గర్భాన్ని గట్టిగానే ఆపుతుంది గానీ, చాలామందికి నెలసరి ఎక్కువవుతుంది. ఇంటింటా రక్తహీనత ఉన్న దేశంలో అది చిన్న ఇబ్బందేమీ కాదు.

పరికరంలోనే హార్మోను పెడితే? షికాగోలో డాక్టరు స్కొమెన్యా ఆ దారి పట్టాడు. 1976లో ప్రొజెస్టాసర్ట్ అనే అలాంటి పరికరం బజారుకొచ్చింది. అందులోని 38 మిల్లీగ్రాముల ప్రొజెస్టిరాన్ ఏడాదికే అయిపోయేది. ఏటా మార్పించుకోవడానికి ఎవరికి ఓపిక?

ఫిన్లాండ్ వైద్యుడు టపాని లుక్కైనెన్ అసలు హార్మోనునే మార్చాడు. ఆయన ఎంచుకున్న లెవొనార్జెస్ట్రెల్ శక్తిమంతమైంది, ఇసుమంత చాలు. దాన్ని 52 మిల్లీగ్రాములు సిలికోన్‌లో కలిపి, టీ ఆకారపు ప్లాస్టిక్ కాడ చుట్టూ గొట్టంలా తొడిగి, పైన పల్చటి పొర వేశారు. ఆ పొర గుండా మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో 50 వేలో వంతు ఊరుతుంది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఆ పొరే. మిరెనాగా పేరొందిన ఈ పరికరం 1990లో ఫిన్లాండ్‌లో మొదలై, 2000లో అమెరికా అనుమతి పొందింది.

మందు పని చాలావరకు అక్కడికక్కడే. గర్భసంచి లోపలి పొర పల్చబడుతుంది, ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను అడ్డుకుంటుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు, అడపాదడపా రక్తం మామూలే. ఏడాది తిరిగేసరికి సుమారు ఐదుగురిలో ఒకరికి నెలసరే ఆగిపోతుంది. "చెడు రక్తం లోపలే పేరుకుపోదా?" అని భయపడతారు. పొర పెరగనే పెరగదు, ఇక పేరుకోవడానికి ఏముంటుంది?

తీయడం తేలిక. ముఖద్వారం నుంచి వేలాడే రెండు సన్నని దారాలను డాక్టరు ఫోర్సెప్స్‌తో పట్టి మెల్లగా లాగితే, టీ చేతులు పైకి ముడుచుకుని పరికరం బయటికి వస్తుంది. మత్తు సాధారణంగా అక్కర్లేదు. ఇంట్లో సొంతంగా లాగొద్దు. దారాలు కనబడకపోతే స్కానింగ్ చేస్తారు. ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలోనూ దొరికిపోతుంది. తీసిన వెంటనే గర్భం రావచ్చు. వద్దనుకునేవారు తీయించుకునే ముందు వారం నుంచే కండోమ్ వంటి వేరే జాగ్రత్త తీసుకోవాలి. జ్వరంతో పొత్తికడుపు నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. సుఖవ్యాధుల నుంచి మాత్రం ఇది కాపాడదు.

ఈ పరికరం మనకు మరో విధంగానూ అవసరం. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అత్యధికమని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. వారిలో ఎందరో అధిక రక్తస్రావంతో వెళ్లినవారే. అదే బాధతో గర్భసంచి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ఫిన్లాండ్ స్త్రీలకు ఈ పరికరం వేసి చూస్తే, 64 శాతం మంది ఆపరేషన్ వద్దనుకున్నారని 1998లో ఒక అధ్యయనం తేల్చింది. క్యాన్సరుకూ, పెద్ద గడ్డలకూ ఇది మందు కాదు. అవి లేవని పరీక్షల్లో తేలితే, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు "నాకు హార్మోన్ లూప్ పనికొస్తుందా డాక్టరు గారూ?" అని ఒక్కమాట అడగండి.