చెప్పు అచ్చున మచ్చ

కొత్త చెప్పు కరుస్తుందనటం మన వాడుక. మడమ వద్దనో బొటనవ్రేలి ప్రక్కనో తోలు ఒరసి బొబ్బ లేస్తుంది. నాలుగు రోజులలో మానుతుంది. కాని కరవని చెప్పు కూడ కీడు చేయగలదు. నెలల తరబడి హాయిగా తొడిగిన మెత్తని రబ్బరు చెప్పే, ఒకనాడు పట్టీ ఆనినచోట దురద పుట్టించి, చర్మము ఎర్రబడి రసి కారేటట్లు చేయవచ్చును. ఇది ఒరపిడి కాదు, రసాయనముల పని.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలలో కనిపించే తంగేడు ఉన్నదే, దాని చెక్కతోనే దక్షిణదేశములో తోళ్లను తరతరాలుగా పదును చేసేవారు. ఇరవయ్యవ శతాబ్దములో ఆ పనిని చాలవరకు క్రోమియం లవణములు తీసుకొన్నవి. రబ్బరును గట్టిపరచేటప్పుడు కలిపే మెర్కాప్టోబెంజోథయజోల్, థైరామ్‌లు, అట్టలను అతికించే జిగురులోని రెసిన్లు వాటికి తోడైనవి. ఎండలో నడిచేవాని పాదము చెమర్చినప్పుడు ఇవి కొద్దికొద్దిగా చర్మములోనికి దిగుతవి. అందరికీ ఏమీ కాదు. ఏ కొందరి శరీరమో వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకొంటుంది. ఆపైన తాకినప్పుడెల్లా, ఒకటి రెండు రోజులు గడచిన తరువాత పొక్కు లేస్తుంది. ఈ ఆలస్యమే చిక్కు. నేరము నిన్న తిన్న వంకాయ మీదికి పోతుంది!

వ్రేళ్ల సందులలో చర్మము తెల్లగా నాని చిట్లితే అది తరచు బూజుజాతి క్రిముల వలన. పాదము పైభాగమున, పట్టీ ఆకారములో వస్తే చెప్పును అనుమానించవలెను.

ఇంతకంటె ఇంటిల్లిపాదినీ కలవరపెట్టేది తెల్లమచ్చ. దీని సంగతి వైద్యలోకమునకు బాగా తెలిసివచ్చినది అమెరికాలో. అక్కడి తోళ్ల కార్ఖానాలో రబ్బరు చేతొడుగులు ధరించిన పనివారి చేతులు, తొడుగు కప్పినమేర తెల్లబడినట్లు 1939లో వైద్యులు ప్రకటించినారు. రబ్బరు చెడకుండా కలిపిన హైడ్రోక్వినోన్ జాతి పదార్థము, చర్మమునకు రంగునిచ్చే కణములను దెబ్బతీసినది. మన దేశములో రబ్బరు చెప్పుల పట్టీ క్రింద కూడ ఇటువంటి మచ్చలను వైద్యులు గమనించినారు.

పెండ్లికెదిగిన పిల్ల పాదము మీద ఆ మచ్చ కనబడితే చాలు, బొల్లి అని ఇరుగుపొరుగు తీర్పు చెప్పేస్తారు. బొల్లి అయినా అంటువ్యాధి కాదు, అది వేరే మాట. మచ్చ పట్టీ అచ్చువలె ఉన్నదా అని ముందుగా చూడవలెను. చెప్పు మానితే కొందరికి రంగు తిరిగివస్తుంది, కొందరికి రాదు. అందుచేత ఆ జోడును ఆనాడే విడిచి, చర్మవైద్యుని వద్దకు పోయేటప్పుడు వెంట తీసుకొనిపోవలెను. దురద, పొక్కులు ఉన్నవారికి ఆయన అనుమానపు పదార్థములను వీపు మీద రెండు రోజులు అంటించి ఉంచి, తీసినప్పుడొకసారి, మరి రెండు రోజులకొకసారి పరీక్షిస్తారు. అన్నాళ్లూ వీపు తడపరాదు. స్నానము నడుము క్రిందికే.