సముద్ర నత్తకు బార్‌కోడ్.. పేరు తప్పితే కేసే!

ఘంటసాల ఒకప్పుడు సముద్ర వ్యాపారానికి పేరున్న ఊరు. ఇప్పుడు అక్కడివాళ్లు సముద్రం చూడాలంటే మంగినపూడికో, హంసలదీవికో వెళ్లాలి. తీరంలో పిల్లలు ఏరుకునే గవ్వలు, శంఖాలు సముద్ర నత్తల గుల్లలే.

వీటిలో ఏది ఏ జాతి? చూసి చెప్పడం అంత ఈజీ కాదు. గవ్వనే తీసుకోండి. చిన్నప్పుడు గుల్ల పలచగా, మూతి వెడల్పుగా ఉంటుంది. పెద్దయ్యాక మూతి సన్నబడి పళ్లలాంటి గాట్లు వస్తాయి. రెండూ ఒకటే అంటే నమ్మలేం.

పేరు తప్పితే ఏమవుతుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో 2001లో కొన్ని సముద్ర నత్తలనూ చేర్చారు. వాటిని పట్టినా, అమ్మినా నేరమే. జాతి తేలకపోతే అమాయకుడు ఇరుక్కోవచ్చు, అసలు దోషి తప్పించుకోవచ్చు.

ఇక్కడే డీఎన్‌ఏ బార్‌కోడింగ్ పనికొస్తుంది. 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం ఈ పద్ధతిని ప్రతిపాదించింది. నత్త మాంసం చిన్న ముక్క చాలు. అందులోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల భాగాన్ని చదివి, ముందే నమోదైన వాటితో పోలుస్తారు.

అయితే ఒక చిక్కుంది. షాపు కంప్యూటర్‌లో సరుకు ఎక్కించకపోతే స్కాన్ చేసినా పేరు రాదు కదా, ఇదీ అంతే. పైగా ఒడ్డున దొరికే పాత ఖాళీ గుల్లలో డీఎన్‌ఏ దొరకడం కష్టం.

అందుకే నిపుణులు ముందుగా నత్తను చూసి, పేరు తేల్చి నమోదు చేయాలి. దివిసీమ మడ అడవుల నత్తలైనా సరే, ఆ పని జరిగితేనే మెషిన్ పేరు చెబుతుంది.