ఓడమీది సరంగు – ఒకనాటి పని

ఓడయుద్యోగములో కుమారుడో భర్తయో గల యింట టెలిఫోను మ్రోగినపుడు తఱచుగా వినవచ్చు మాట యొకటి గలదు. "ఓడ రేవునకు వచ్చినది, ఊపిరి సలుపని పని" యని చెప్పి యాతడు ఊరకుండును. ఇంటివారును "అన్నము తింటివా?" యని యడిగి యూరకుందురు. ఆ ఊపిరి సలుపని పని యెట్టిదో సోదరీమణులకు కొంత తెలిసియుండుట మంచిదని తోచి, ఓడపై కళాసీలకు పెద్దయైనవాని యొకనాటి పనిని గూర్చి యిచట వ్రాయుచున్నాము.

ఈ పెద్దను మన దేశపు నావికులు పూర్వము సరంగు అనెడివారు. ఇది ఫారసీనుండి వచ్చిన మాట. గోదావరిపై లాంచీలు నడుపువారికిని ఈ పేరే యుండుటచే మన చదువరులకు క్రొత్తది కాదు. ఆంగ్లేయుల యోడలలో భారతీయ కళాసీల జట్టునకు సరంగు నాయకుడు. అతనికి సాయము టిండాలు. ఇప్పుడీతనినే బోసను అనుచున్నారు. ఇతడు కప్తాను కాడు, ఆఫీసరును కాడు. చీఫ్ ఆఫీసరు చెప్పిన పనిని ఆరేడుగురిచేత చేయించుచు, తానును వారితో చేయుచుండును. ఉమ్మడి కుటుంబమున అత్తగారికిని చిన్నకోడండ్రకును నడుమ నలుగు పెద్దకోడలిని తలచుకొన్నచో ఇతని స్థితి మనవారికి చక్కగా బోధపడును.

ఆస్ట్రేలియానుండి ఉక్కు కర్మాగారమునకు వలయు బొగ్గు నెత్తుకొని విశాఖపట్టణమునకు వచ్చిన యోడ నొకదానిని ఊహింతము. పొడవు 225 మీటర్లు. రేవులో చోటు దొరకువఱకు బయట సముద్రమున లంగరు వేసికొని యున్నది. తెల్లవారుజామున 5 గంటలకు పైలటు వచ్చునని కబురందినది. సరంగు మూడున్నరకే లేచినాడు.

పైలటు చిన్న పడవలో వచ్చి, ఓడ ప్రక్కన వ్రేలాడు త్రాటి నిచ్చెన పట్టుకొని పైకెక్కవలెను. ఒక్క మెట్టు విఱిగినను, ఒక్క ముడి జాఱినను ఆ మనుష్యుడు రెండు నౌకల నడుమ పడును. కనుక సరంగు చీకటిలో దీపము పట్టుకొని ప్రతి మెట్టును తడిమి చూచును. తరువాత లంగరు. 27.5 మీటర్ల కొక్కటి చొప్పున గుర్తులు వేసిన ఇనుపగొలుసు బురదతో పైకి వచ్చుచుండగా, నీళ్లతో కడిగించుచు, అది యెటు లాగుచున్నదో చేతితో చూపుచుండును.

ఓడను గట్టునకు కట్టుటయే అన్నిటికంటె అపాయకరమైన పని. ముందు సన్నని త్రాడొకటి ఒడ్డునకు విసరుదురు. దానివెంట మనుష్యుని చేతిమణికట్టంత లావుగల మోకు పోవును. ఒడ్డువారు దాని నినుపగుంజకు తగిలింపగానే ఓడమీది యంత్రము బిగించును. ఈ కాలపు మోకులు నారవి కావు, కృత్రిమపు దారములతో అల్లినవి. వానిలో చాలవఱకు బిగించినకొలది సాగును. సాగిన మోకు తెగినచో, తెగిన కొన కొరడావలె వెనుకకు వచ్చి యడ్డమైనవాని కాలో ప్రాణమో తీసికొనిపోవును. చూచి తప్పించుకొందమన్న వ్యవధి యుండదు. ఒకప్పుడు డెక్కుపై రంగుగీతలు గీచి యింతవఱకే అపాయమనుచుండిరి. ఆ గీత కావల నిలిచినవాడు నిర్భయుడై యుండి దెబ్బతినుటచే, ఇప్పుడా తావంతయు అపాయస్థలముగనే యెంచవలెనని బోధించుచున్నారు. పైనుండి కప్తాను త్వరపెట్టును, ఒడ్డువారు కేకలు వేయుదురు, గాలి ఓడను త్రోయుచుండును. అప్పుడు సరంగు క్రొత్త కుఱ్ఱవానివైపు తిరిగి, "నాయనా, ఆ చుట్టలో కాలుంచకు, వెనుకకు రా" అనును. ఆ మాటకు పట్టు క్షణకాలమే. ఆ క్షణము అతనికి తోచవలెను!

కట్టుట ముగిసినదన్న పని ముగియలేదు. దిగుటకు నిచ్చెన, దానిక్రింద వల. మోకులమీదుగా ఎలుకలెక్కకుండ రేకుపళ్లెములు. సరకుకొట్ల మూతలు తెఱపించుట. వంటకు వచ్చిన బియ్యము, కూరగాయలు మోయించుట. బొగ్గు దిగినకొలది ఓడ పైకి లేచును, మోకులు బిగియును, వానిని సడలించుచుండవలెను.

ఇంతలో నొకరు వచ్చి, కొట్టులోని నిచ్చెనదారిన ఒకమారు దిగి చూచి రమ్మందురు. ఐదు నిముషముల పనియే. కాని మూసియుంచిన కొట్టులో బొగ్గు గాలిలోని ప్రాణవాయువును హరించును. ఇనుము త్రుప్పుపట్టుటయే దానిని హరించుటకు చాలును. వాసన యుండదు, రంగుండదు. దిగినవాడు కూలును, వానిని లాగుటకు పరుగెత్తిన రెండవవాడును కూలును. గాలిని యంత్రముతో పరీక్షించి, అనుమతి కాగితము వ్రాసిన పిదపగాని దింపరాదు. "పరీక్ష కానిదే నా మనుష్యుని దింపను" అని పై యధికారితో చెప్పగల సరంగే సరంగని మా యభిప్రాయము.

రాత్రి 9 గంటలకు, ఓడను వేఱొక చోటికి జరుపవలెనని ఉత్తరువు వచ్చిన దనుకొందము. మరల మోకులన్నియు విప్పవలెను, కట్టవలెను. ఉదయమున అంత మెలకువగా నున్న కన్ను ఇప్పుడట్లుండునా?

ఇందుకొక అంతర్జాతీయ శాసనము గలదు. 2006లో కుదిరిన నావిక కార్మిక ఒడంబడికను మన దేశము 2015లో ఆమోదించినది. దాని ప్రకారము విశ్రాంతిని బట్టి లెక్కించు నోడలలో నావికునకు 24 గంటలలో 10 గంటలకు, వారములో 77 గంటలకు తక్కువ కాని విశ్రాంతి యుండవలెను. దానిని రెంటికంటె ఎక్కువ ముక్కలు చేయరాదు, అందొకటి 6 గంటలకు తగ్గరాదు. కాగితముమీద ఇవి నెఱవేఱినట్లే కానవచ్చును. స్వీడను దేశమందలి ప్రపంచ నౌకాయాన విశ్వవిద్యాలయమువారు 2020లో వెలువరించిన పరిశీలనలో, ఈ లెక్కలను సవరించి వ్రాయుట ఓడలలో వాడుకగా మాఱినదని తేల్చిరి. మన యింట చాకలిపద్దైనను ఇంతకంటె నిజముగా నుండును.

కాబట్టి "అన్నము తింటివా?" అను ప్రశ్నతోపాటు "నిన్న నెన్ని గంటలు నిద్రించితివి? పుస్తకములో నెన్ని వ్రాసితివి?" అనియు అడుగవచ్చును. విశ్రాంతి లెక్కలో నావికుడును సంతకము చేయవలెను. దాని నకలొకటి అతని కీయవలెను. ఓడ చేరిన రేవులోని అధికారులకు ఫిర్యాదు చేయు హక్కు నావికునికి మాత్రమే కాదు, ఓడవారి క్షేమముతో సంబంధముగల యెవరికైనను ఆ యొడంబడిక యిచ్చినది. ఇంటనున్న తల్లియు భార్యయు అందు చేరినవారే.