ఇంటికి ఒక్కరు చాలునా?

మీ ఇంటి రేషను కార్డు ఒకసారి తీసి, ఇంటి పెద్దగా ఎవరి పేరున్నదో చూడండి. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టము ప్రకారము, రేషను కార్డు విషయములో ఇంటికి పెద్ద అంటే పద్దెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దామె. 2024 మార్చిలో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో కూడా ఇల్లు స్త్రీ పేరనే మంజూరవుతున్నది. కాగితము మీద మన తల్లులకు, అక్కచెల్లెండ్రకు దక్కిన ఈ గౌరవమునకు సంతోషించవలసిందే. అయితే ఆ కాగితము ఇప్పుడు కంప్యూటరులోనికి వెళ్లింది. తన పేరున ఉన్నదానిని తెరచి చూడగలిగిన తల్లులు మన పల్లెలలో ఎందరు? ఈ నెల మనము ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

కచేరి నుండి కంప్యూటరుకు

మన రాష్ట్రములో ఈ మార్పు నిన్న మొన్న వచ్చినది కాదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రిజిస్ట్రేషను కార్యాలయాలలో కంప్యూటర్లు పెట్టించింది. 1999 డిసెంబరులో హైదరాబాదులో ‘ట్విన్స్’ అనే ప్రయోగము మొదలై, 2001 ఆగస్టులో ‘ఈ-సేవ’గా ఎదిగింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకేచోట కట్టే వీలు పట్టణ ప్రజలకు కలిగింది. 2011 నవంబరులో ‘మీ-సేవ’ వచ్చాక పల్లెవాసులకు ఎంతో మేలు జరిగింది. కులము, ఆదాయము వంటి ధ్రువపత్రాల కొరకు మండల కార్యాలయము చుట్టూ తిరిగిన రోజులు మన పెద్దలకు బాగా గుర్తే. ఆ తిరుగుడు చాలావరకు తగ్గింది. ఈ మేలును మరువరాదు.

బాన్సువాడ ప్రాంతమునకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన చోటు ఉన్నది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు మనము నిజామాబాద్ జిల్లాలోనివారము. తెలంగాణలో ఈ-పంచాయతీలు 2015 అక్టోబరులో ఆ జిల్లాలోనే ప్రారంభమైనాయి. వాటికి ‘పల్లె సమగ్ర సేవా కేంద్రాలు’ అని పేరు పెట్టి, మహిళా సంఘాల సభ్యురాండ్రను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. మన ఊరి ఆడబిడ్డ చేతిలో మన ఊరి పనులు జరుగుట ఎంత మంచి ఆలోచన!

కానీ ఒక సంగతి గమనించండి. ఆ బల్లకు అటువైపు కూర్చున్న ఒక్కరు నేర్చుకున్నారు. ఇటువైపు వరుసలో నిలుచున్నవారి సంగతి ఏమిటి? కేంద్రము దగ్గరైంది గాని, విద్య దగ్గర కాలేదు.

లెక్కలో ఎవరు, లెక్క వెలుపల ఎవరు?

పల్లెవాసులకు ఈ విద్య నేర్పుటకు కేంద్ర ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో ఒక పెద్ద పథకమును ఆమోదించింది. దాని పేరు ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్. ఇంట్లో ఎవరికీ ఈ విద్య రాని కుటుంబము నుండి ఒక్కరిని తీసుకొని, 20 గంటలు ఉచితముగా పాఠము చెప్పాలి. దేశమంతటా 6 కోట్ల ఇండ్లు లక్ష్యము. 2024 మార్చి 31న పథకము ముగిసేనాటికి సుమారు 6 కోట్ల 39 లక్షల మందికి శిక్షణ ఇచ్చినట్లు ప్రభుత్వము తెలిపింది. ఇది చిన్న పని కాదు.

అయినను రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది, ఇంటికి ఒక్కరే అంటే ఆ ఒక్కరు ఎవరు? చదువుకున్న కొడుకునో, ఖాళీగా ఉన్న అల్లునినో పంపుట మన ఇండ్లలో సహజము. రెండవది, వయసు హద్దు. 14 నుండి 60 ఏండ్లవారికే ఆ పాఠము. తెలంగాణలో వృద్ధాప్య పింఛను వయసును 2021లో 65 నుండి 57కు తగ్గించారు. అంటే పింఛను అందుకునే ముసలివారిలో చాలామందికి ఆ తరగతిలో చోటే లేదు. కార్డుకు పెద్దయిన తల్లికి, పింఛను అందుకునే అవ్వకు పాఠము అందక, కొడుకుకు అందితే, ఇంటికి విద్య వచ్చినట్లేనా?

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రములో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 57 మంది కాగా, స్త్రీలు 26 మంది మాత్రమే. పల్లెలతో పాటు పట్టణాలను కూడా కలిపి చేసిన లెక్క ఇది.

దీని ఫలితము మన కండ్ల ముందే ఉన్నది. నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లు వేసే కూలితల్లి, బీడీలు చుట్టే అక్క తమ కార్డును, ఫోనును, ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యను మరొకరి చేతిలో పెట్టి, “నువ్వే చూడు బిడ్డా” అంటారు. ఆ బిడ్డ మంచివాడైతే మంచిదే. కానీ తాను కష్టపడి సంపాదించినదెంతో, ఖాతాలో పడినదెంతో, చేతికి వచ్చినదెంతో ఆమెకై ఆమె తెలుసుకోలేకపోతే, ఆమె ఆస్తి ఇంకొకరి మంచితనము మీద ఆధారపడి ఉన్నట్లే.

అందరు కలిసి నేర్చినప్పుడు

వృద్ధులకు, స్త్రీలకు నేర్పుట సాధ్యమేనా అని కొందరు అడుగుతారు. మన తెలుగు నేలమీదనే దీనికి జవాబు ఉన్నది. 1990వ దశకము తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగింది. రాత్రి బడులలో కూర్చున్న కూలి స్త్రీలు అక్షరాలతో పాటు తమ బ్రతుకును గూర్చి మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు సారాను ఎదిరించారు. వారి కథ పాఠముగా మారి జిల్లా అంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధము వచ్చింది. ఇంటికి ఒక్కరు గాక, వాడలోని స్త్రీలందరు కలిసి చదివినందుననే ఆ బలము కలిగింది.

ఈ కాలపు ఉదాహరణ కేరళలో ఉన్నది. తిరువనంతపురము జిల్లాలోని పుల్లంపార పంచాయతీ తన ప్రజలందరికి ఫోను విద్య నేర్పవలెనని పూనుకొన్నది. బడికి రాలేనివారి యొద్దకు బడినే తీసుకొనిపోయారు. ఉపాధి హామీ పని జరిగేచోట, మహిళా సంఘాల కూటాలలో, ఇండ్ల అరుగుల మీద యువతీయువకులు పాఠము చెప్పారు. 2022 సెప్టెంబరులో ఆ పంచాయతీ సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించారు. తరువాత స్థానిక సంస్థల ద్వారా రాష్ట్రమంతటా ఇంటింటిని అడిగి, ఈ విద్య రానివారు దాదాపు 22 లక్షల మంది అని తేల్చి, వారికి నేర్పించారు. 2025 ఆగస్టు 21న కేరళ రాష్ట్రము మొత్తము ఆ గమ్యమును చేరినట్లు ప్రకటన వెలువడింది. ఒక పంచాయతీలో వేసిన విత్తనము రాష్ట్రమంతటా ఫలించింది.

మనము చేయగలిగినది

మన ఊర్లలోనూ ఉపాధి పని ఉన్నది, మహిళా సంఘాలు ఉన్నవి, ఇంటర్ చదివే పిల్లలు ఉన్నారు. ప్రతి ఇంటిలో ఈ వారమే నాలుగు చిన్న పాఠాలు మొదలుపెట్టవచ్చును.

మొదటిది: అమ్మకు, అవ్వకు బ్యాంకు నుండి వచ్చిన సందేశములో అంకెను గుర్తుపట్టుట నేర్పండి. అక్షరము రానివారికి కూడా నోటు మీది అంకె తెలుసు గదా.

రెండవది: వేలిముద్ర వేయుటకు ముందు ఎంత మొత్తమునకు వేస్తున్నారో అడగాలి, తరువాత రశీదు తీసుకోవాలి. ఇలా అడుగుట అవమానించుట కాదు, అది హక్కు.

మూడవది: ఫోనులో వచ్చిన రహస్య సంఖ్యను ఎవరు అడిగినను చెప్పరాదు. మోసము జరిగితే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

నాల్గవది: మనుమడు, మనుమరాలు అవ్వ చేతిలోని ఫోనును లాగుకొని తామే పని ముగించరాదు. ఆమె వేలితోనే నొక్కనివ్వాలి. ఆలస్యమైనా సరే, ఓపిక పట్టండి. మన నడక నేర్చినప్పుడు ఆమె ఎన్నిసార్లు ఓపిక పట్టినదో!

ఇండ్లలో జరిగే ఈ పనికి పంచాయతీ అండ కూడా కావాలి. 2025 డిసెంబరు ఎన్నికలతో తెలంగాణ పల్లెలకు కొత్త పాలకవర్గాలు వచ్చినవి. రోడ్డు, మోరీ, వీధి దీపము గూర్చి గ్రామసభలో అడుగుట మనకు అలవాటే. ఈసారి లేచి ఇంకొక మాట అడుగుదము: మన ఊరిలో ఫోను విద్య రానివారు ఎందరు? వారి పేర్లు ఎప్పుడు వ్రాస్తారు? వారికి ఎవరు, ఎక్కడ నేర్పుతారు? బాన్సువాడ పట్టణములోనివారు తమ మున్సిపల్ వార్డులో ఇదే ప్రశ్న వేయవచ్చును. ఆ పేర్ల పట్టికలో మొట్టమొదట ఉండవలసినది రేషను కార్డుకు పెద్దయిన ఆ తల్లి పేరే.